ఎంగిలి గిటారు

పాత గిటారు కడుపులో చెయ్యి పెడితే ఏమేమి తగులుతాయో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. నాకు అన్నీ తగిలాయి. ఎండిపోయిన బల్లి, ఎలుక పెంటికలు, బొద్దింక గుడ్లు, ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను. నల్లుల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెక్కకూ చెక్కకూ మధ్య సందుల్లో తరతరాలుగా కాపురం చేస్తుండేవి. ఎండలో పెట్టి వేపనూనె గుడ్డ ఆనించగానే బిలబిలమంటూ బయటికొచ్చేవి. వాటిని నలిపితే వచ్చే కంపు సబ్బుతో కడిగినా వేళ్ళను వదిలేది కాదు, అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు అదే వచ్చేది. సంగీతమంటే తెల్లచీర, హంస, తామరపువ్వు అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళను పట్టుకొచ్చి ఆ పనిలో ఒక పూట కూర్చోబెట్టాలని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట ఇది. మాది బేతంచెర్ల. ఊరి చుట్టూ నాపరాయి గనులు, ఊళ్ళో నాపరాయి దుమ్ము. మా కుటుంబానికి ఉన్న మెట్టపొలం ఎప్పుడూ మమ్మల్ని పోషించింది లేదు గాని రాయి పోషించింది. వ్యాపారమంతా మా అన్న చూసుకునేవాడు. పేరుకు నేను అతనికి సాయం. నిజానికి నా మనసంతా గుంతకల్లు, నందలూరు రైల్వే క్వార్టర్ల మీద ఉండేది. అక్కడి ఇంజన్ షెడ్ల పక్కన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బతికేవి. తెల్లవాళ్ళు ఓడలెక్కాక వీళ్ళు కూడా ఒక్కొక్కరే ఇంగ్లండుకో ఇంకో దేశానికో సర్దుకోవడం మొదలుపెట్టారు. పోతూ పోతూ మంచాలు, బీరువాలు, కుక్కలు, గిటార్లు వదిలేసి పోయారు. కుక్కల్ని ఎవరూ తీసుకోలేదు. గిటార్లను తీసుకున్నవాళ్ళకు అదేమిటో తెలియదు.

తెలియకపోవడం తప్పు కాదు. తెలియని వస్తువును చేసే పాడు చూడాలి. ఒక ఇంట్లో గిటారు పైచెక్క ఊడబీకి గడ్డి పరిచి కోడిని పొదగేశారు. ఇంకో ఇంట్లో బండి చక్రాలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగును గిటారంతా పూశారు, తీగలకు కూడా. గుంతకల్లులో ఒక పెద్దమనిషి గోడకు అందంగా ఉంటుందని గిటారు నడిబొడ్డులో మేకు దిగ్గొట్టి తగిలించుకున్నాడు. ఆ మేకు పీకి, బొక్క పూడ్చి, సరేసు కాచి అతుకులు వేసి, వంగిన మెడను నాపరాళ్ళ బరువు కింద నెలల తరబడి నొక్కి పెట్టి, నేను వాటికి మళ్ళీ గొంతు తెచ్చేవాణ్ణి. మా ఇంటి వెనక రాళ్ళ కొట్టంలో అలాంటివి వరసగా వేలాడుతుండేవి. ఎవరైనా వచ్చి చూస్తే ఒకే మాట అడిగేవాళ్ళు, సినిమా పాట వాయించమని.

సినిమా పాటలు వాయించేవాళ్ళకేం కరువు? కర్నూల్లో డేరాల్లో ఆఫీసులు నడుస్తున్న కాలమది. ప్రతి సన్మాన సభకూ ముందు ఒకడు హవాయి గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఇనుప ముక్కను తీగల మీద జారుస్తూ, పాటను పాకంలాగా సాగదీసేవాడు. ముందు వరసలో అధికారులు తలలూపేవాళ్ళు. నేను లేచి బయటికొచ్చేసేవాణ్ణి. అదే జారుడు వాయింపు నందలూరులో విన్నవాణ్ణి నేను. అది ఇంకో లోకం.

నందలూరులో నాకు అది వినిపించినవాడు పదవీ విరమణ చేసిన ఇంజన్ డ్రైవరు. షెడ్డంతా ఆయన్ని పెద్దదొర అనేది. దొర అంటే తెల్లగా ఉంటాడనుకోవద్దు. బొగ్గూ ఎండా కలిసి మా అంత నల్లగా చేశాయి. యుద్ధం రోజుల్లో ఆయన మద్రాసులో ఉన్నప్పుడు నల్లజాతి అమెరికన్ సిపాయి ఒకాయన స్నేహమయ్యాడట. ఆ సిపాయి దేశానికి పోతూ కొన్ని గ్రామఫోన్ ప్లేట్లూ ఒక గిటారూ ఈయనకిచ్చాడు. ఆ ప్లేట్లలో ఉన్నది బ్లూస్. దాన్ని ఏడుపు పాట అంటే నేనొప్పుకోను. ఏడ్చీ ఏడ్చీ విసుగెత్తి, ఇక కోపం మొదలైన మనిషి గొంతు అది. ఆ గొంతు వెంట గిటారు తీగ కూడా జారుతూ, మూలుగుతూ, తిడుతూ పోతుంది. పెద్దదొర ఆ ప్లేట్లు వింటూ నేర్చుకున్నాడు. తీగ మీద జార్చడానికి ఇంజన్లో నీటిమట్టం చూపించే దళసరి గాజుగొట్టం ముక్కను కోసి, అంచు అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కునేవాడు.

నేను పరిచయమయ్యేసరికి ఆ వేలు పనిచేయడం లేదు. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి చచ్చుబడింది. అంతకుముందే భార్య పోయింది. అంతకన్నా ముందే, ఇంజన్ల మోతకు, రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ప్లేట్లు వేసి నాకు వినిపించేవాడు గాని తను వినలేడు. సూది తిరుగుతుంటే నా మొహంకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆయన తెలుగు షెడ్డులో బొగ్గు వేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు. బూతు లేకుండా వాక్యం పూర్తయ్యేది కాదు. కలెక్టరు వచ్చినా ఒరే అనేవాడని చెప్పుకునేవాళ్ళు.

ఆ సిపాయి ఇచ్చిన గిటారు మామూలు కొయ్య గిటారు కాదు. ఒళ్ళంతా ఇత్తడి, పైన వెండిలా మెరిసే పూత. మెడ ఒక్కటే కొయ్య. లోపల పలచని సత్తురేకుతో చేసిన గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. తీగల అదురు ఆ రేకుగిన్నె మీద పడి ఒళ్ళంతా మోగుతుంది. దాని మీద చిల్లుల మూత. మనవాళ్ళ కళ్ళతో చూస్తే అది మెడ ఉన్న బిందె.

ఇక నాకు అప్పట్లో ఒళ్ళు జలదరించిన సంగతి ఒకటి చెప్పాలి. పెద్దదొర చెవులతో వినలేడు గాని పళ్ళతో వినేవాడు. ఇత్తడి గిటారు అంచును ముందుపళ్ళతో గట్టిగా కరిచిపట్టుకుని కళ్ళు మూసుకుంటే ఆ అదురు పుర్రెలోకి పోయి ఆయనకు స్వరం తెలిసేది. మొదటిసారి నా ముందే కరిచి, తీగ మీటమని సైగ చేశాడు. నేను ఏ తీగ మీటితే ఆ తీగ లెక్క వేళ్ళతో చూపించాడు. ఒక తీగ దగ్గర మొహం చిట్లించి శ్రుతి దిగిందన్నాడు. నిజంగానే దిగి ఉంది. కొయ్య గిటార్లతో అది కుదిరేది కాదు. నాది ఒకటి తీసుకుపోయి ఇస్తే కరిచి చూసి, కట్టెలో నాకేం తెలీదురా అని తోసేశాడు. ఆయన పళ్ళు చుట్టకు గారపట్టి పసుపుగా ఉండేవి. పక్షవాతం వల్ల పెదవి ఒకవైపు జారి, కరిచినంతసేపూ చొంగ ఆ మెరిసే పూత మీదుగా కిందికి కారేది. సంగీతం వినడానికి ఒక మనిషికి మిగిలిన దారి అదొక్కటే అని నా బుద్ధికి తెలుసు. అయినా మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. మన ఇళ్ళల్లో పుట్టినవాడికి ఎంగిలి అసహ్యం పాలతోనే పోస్తారు.

ఆ గిటారు మెడ వంగిపోయింది, రేకుగిన్నె నొక్కులు పడింది. పాట పలికే స్థితిలో లేదు. ఇంగ్లండులో ఉన్న కూతురు తండ్రిని రమ్మంది, ఒక్క ట్రంకు పెట్టెతో రమ్మంది. అప్పుడాయన నన్ను పిలిచి గిటారు నా ఒళ్ళో పెట్టాడు.

“నా చెవులు ఇంజన్ తినేసినాది. పండ్లు మిగిలినాయి,” అన్నాడు. “దీన్ని బాగుచెయ్‌రా. నేను బండెక్కేలోగా ఆ పాట ఒక్కతూరి నా పండ్లకు వినిపియ్యి. ఆమైన ఇది నీదే.”

మధ్యలో వచ్చిన బూతులు నేను తీసేశాను.

ఆ పాట ఏదో నాకు తెలుసు, ఆయనే చెప్పాడు. డ్యూటీ దిగి వచ్చి, బొగ్గుమొహం కూడా కడుక్కోకుండా, వాకిట్లో కూర్చుని భార్యకోసం వాయించుకున్న పాట. ఏ ప్లేటులోనూ లేదు. ఆయన సొంతంగా కట్టుకున్నది. చెయ్యి పడిపోయిన తరువాత ఆయన దాన్ని వినలేదు, వాయించేవాళ్ళు ఇంకెవరూ లేరు. నా తొడ మీద తాళం వేసి, కుడిచేత్తో నా వేలు పట్టుకుని తీగ మీద జరిపి, తప్పు పోతే మొట్టికాయ వేసి నేర్పించాడు. వినలేని మనిషి నేర్పిన పాట అది. నా వేలు ఎక్కడ ఆగిందో చూసి తప్పు పట్టేవాడు.

గిటారు బేతంచెర్లకు తెచ్చాను. మెడ విప్పి, మట్టంగా ఉన్న నాపరాయి మీద పెట్టి, మీద ఇంకో రాయి ఎత్తి, తడిగుడ్డ ఆవిరి పట్టిస్తూ వంపు తీశాను. రేకుగిన్నె నొక్కుల్ని చెంచా వెనకవైపుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే లోపలినుంచి తోశాను. కాగితమంత పలచని రేకు. గట్టిగా తుమ్మితే చిరుగుతుందేమోనని పొడుం పీల్చడం మానేశాను. గిన్నెను దాని చోట కూర్చోబెట్టి, మూత బిగించి, ఒంటిని గోనెసంచిలో చుట్టి కొట్టంలో పెట్టాను. మెడ ఇంకా రాయి కిందే ఉంది. తీగలొకటే రావాలి.

ఇక్కడ మా అన్న సంగతి. అన్నకు రైలుకట్టల మీద పోసే కంకర కాంట్రాక్టు మీద ఆశ ఉండేది. దాని పైన జిల్లా రాజకీయాల మీద ఆశ. నందలూరులో ఎవరో రైల్వే అధికారిని కలవాలని ఒకసారి నాతోపాటు వచ్చాడు. పెద్దదొర గిటారు కరవడం ఆ రోజు కళ్ళారా చూశాడు. తిరుగుబండి ఎక్కేదాకా ఉమ్ముతూనే ఉన్నాడు. అదే మనిషి, కాంట్రాక్టు ఇప్పించగల వాళ్ళ ఇళ్ళల్లో ఏ గ్లాసులో ఏమిచ్చినా కళ్ళకద్దుకుని తాగేవాడు. ఆ ఎంగిళ్ళకు అతనికెప్పుడూ ఉమ్మి రాలేదు.

ఇంటికొచ్చి జేజికి చెప్పాడు. జేజి అంటే మా నాయన తల్లి. ఇంట్లో మడి, మైల, ఎంగిలి, అంటు అన్నీ ఆమె చేతికింద ఉండేవి. మాకు కళాయి గిన్నెల్లో వండి పెట్టి, తను మాత్రం వేరే చెంబులో నీళ్ళు తాగేది. పాలేరు చెంబు ఎత్తి తాగుతూ పెదవి తగిలించాడని అనుమానం వస్తే ఆ చెంబు చింతపండుతో తోమించి, అంతటితో ఊరుకోకుండా నిప్పుల్లో కాల్పించేది. ఈ గొడవెందుకని విసుక్కుని ఆ చెంబును మేమెవరమైనా బయట పారేస్తే, లోహానికి ఏం పాపం నాయనా, నిప్పు తగిలితే శుద్ధి అయిపోతుంది అనేది. చుట్ట తాగే కిరస్తానీ దొర చొంగ కార్చిన ఇత్తడి సామాను తన కొట్టంలో ఉందని తెలిసినప్పటినుంచి ఆమెకు నిద్ర పట్టలేదని తరువాత తెలిసింది. నాతో ఒక్క మాటా అనలేదు. నేనెంత మురిపెంగా దాన్ని చేసుకుంటున్నానో చూసింది కదా. నా మనసు నొప్పించకుండా దారి వెతికింది.

మద్రాసునుంచి ఒక రైలు గార్డు తీగలు తెచ్చాడని కబురొస్తే నేను గుంతకల్లు పోయాను. తిరిగొచ్చి మా వీధి మలుపు తిరుగుతుండగానే నవాసాగరం పొగ వాసన ముక్కుకు కొట్టింది. కళాయి పోసే సాయిబు వచ్చాడన్న మాట. ఏడాదికొకసారి వచ్చి వీధిలో గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ ఇంటింటి ఇత్తడికీ తగరం కరిగించి కళాయి పెట్టి పోయేవాడు. మా వాకిట్లో కాగులు, గుండిగలు, తప్పేలాలు బోర్లించి ఉన్నాయి. వాటి వరసలో, తప్పేలాకూ గుండిగకూ మధ్య, మెడ లేని నా గిటారు.

అది చల్లారేదాకా కూడా ఆగకుండా ఎత్తుకున్నాను. అరచెయ్యి కాలింది. పాత పూత మచ్చలు మచ్చలుగా మాడిపోయి, దాని మీద తగరం తెట్టెలు కట్టి ఉంది. అతుకులు కరిగి వీపురేకు ఒకవైపు నోరు తెరిచింది. సాయిబు నన్ను చూసి నవ్వి, పాత్ర నిండా చిల్లులున్నాయని, నీళ్ళు నిలవవని, అన్నీ పూడ్చిపెట్టానని చెప్పాడు. మూత మీద చిల్లులు, శబ్దం బయటికొచ్చే చిల్లులు, ఒక్కటి వదలకుండా తగరంతో పూడ్చాడు. అంత ఓపిక. సందులోంచి లోపలికి చూశాను. రేకుగిన్నె కాలిన అప్పడంలాగా ముడుచుకుపోయి ఉంది.

నాకు ఏడుపు రాలేదు. వాంతికొచ్చింది. నిజంగానే గోడవారగా కూర్చుని కక్కుకున్నాను. ఆ పొగ వల్లేనని అందరూ అనుకున్నారు.

జేజి నీళ్ళ చెంబుతో వచ్చింది. నా వీపు నిమిరింది.

“ఎంగిలి పోవల్లంటే నిప్పు తగలల్ల నాయనా,” అంది. “నీకోసమే చేయించినా. ఇంక కొట్టంలో ఏల, ఇంట్లోనే పెట్టుకో. నేనేమీ అనను.”

ఆ ముసలామె మొహంలో ఉన్న సంతోషం చూస్తే నాకు ఇంకా రోత పుట్టింది. ఆమె మీద కాదు. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు కాబట్టి ఆ రోత ఎక్కడ కక్కాలో తెలియలేదు. అంత ప్రేమగా, అంత శుభ్రంగా, ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క వినికిడిని నిప్పుల్లో పెట్టి కాల్చాం మేము. ఆ పూట నేను అన్నం తినలేదు. నేను తినలేదని ఆమె కూడా తినలేదు. నేనెందుకు తినలేదో మాత్రం ఆమెకు చివరిదాకా తెలియదు.

అన్న సాయంత్రం వచ్చి గిటారు తిప్పి తిప్పి చూశాడు. మెరుస్తాంది కదరా, ఇంకేం గావల్ల అన్నాడు. సామాను వరసలో దాన్ని పెట్టమని జేజికి సలహా ఇచ్చింది తనేనని కూడా గొప్పగా చెప్పుకున్నాడు.

పెద్దదొర ప్రయాణం దగ్గర పడింది. మళ్ళీ అలాంటి రేకుగిన్నె దొరకాలంటే అమెరికా పోవాలి. సంతలో సత్తుపళ్ళెం కొని, చెక్కలో గుంట తొలిచి, కొయ్యసుత్తితో కొట్టి కొట్టి ఒక గిన్నె చేశాను. ఎంత కొట్టినా మందం తగ్గలేదు, తగ్గినచోట చిరిగింది. వీపురేకు అతుకులు మళ్ళీ వేశాను, తగరం పట్టినచోట పట్టి, పట్టనిచోట ఊడివచ్చింది. చిల్లుల్లో తగరాన్ని దబ్బనంతో పొడుచుకుంటూ కూర్చున్నాను. మెడ తగిలించి తీగలు బిగించి మీటితే ఇంట్లో దొంగపిల్లి గిన్నెలు దొర్లించినట్టు మోగింది. పాట వేళ్ళల్లో ఉంది గాని గిటారులో లేదు. పోకుండా ఉండిపోదామా అనుకున్నాను. కానీ ఆ ముసలాయన ప్లాట్‌ఫారం మీద నాకోసం మెడ తిప్పి తిప్పి చూస్తుంటాడన్నది తలుచుకుంటే కాళ్ళు ఆగలేదు.

అన్న కూడా బయలుదేరాడు. రమ్మని నేను అనలేదు. చెండుపూల దండ ఒకటి, కడపనుంచి ఫోటోలు తీసే మనిషి ఒకడు, అన్నీ సిద్ధం చేసుకున్నాడు. షెడ్డు మొత్తం దొరకు వీడ్కోలు చెప్పడానికి వస్తుంది, అధికారులు కూడా వస్తారు, అక్కడ దండ వేసి ఫోటో తీయించుకుంటే కంకర సంగతి ఒక అడుగు ముందుకు పడుతుందని అతని లెక్క. నందలూరు దాకా నేను అతనితో మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి కూడా అతనికి తట్టలేదు.

ప్లాట్‌ఫారం మీద కుర్చీ వేసి పెద్దదొరను కూర్చోబెట్టారు. కోటు తొడిగారు, ఆ ఎండలో. పక్కన ఒక్క ట్రంకు పెట్టె. చుట్టూ షెడ్డు మనుషులు. నేను గోనెసంచి విప్పగానే గిటారు ఎండకు తళతళమంది. ఆయన కుడిచేత్తో అంచు తడిమాడు. తగరం తెట్టెల దగ్గర వేలు ఆగింది. నావైపు చూశాడు. నేను తల వంచుకుని తీగలు సరిచూసుకున్నాను. ఇంతలో అన్న ముందుకొచ్చి, మా ఇంట్లో ఎంత శ్రద్ధ తీసుకుని దీన్ని కొత్తదానిలాగా చేయించామో, పుట్టుచెవిటివాళ్ళకు కూడా వినిపించేంత గట్టిగా అరిచి చెప్పాడు. దొర అతని నోటికేసి కాసేపు చూసి, మొహం తిప్పుకుని, నన్ను కూర్చోమని సైగ చేశాడు.

ఆయన వంగి అంచు కరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. అన్న రెండడుగులు వెనక్కు వేసి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆయనిచ్చిన గాజుగొట్టం చిటికెన వేలికి తొడుక్కుని మొదలుపెట్టాను. గరగరలాడుతూ, అక్కడక్కడా తగరం ముక్క ఎగిరి మోగుతూ, పాట ఎలాగో నడిచింది. నా వేలు ఒక్కచోట కూడా తప్పలేదు. ఆయన తల తాళానికి ఊగుతోంది. బూటు నేలకు తగులుతోంది. బొగ్గు వేసే మనిషి ఒకడు తలగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకు కూడా, ఒక్క నిమిషం, వినపడుతోందేమో, దేవుడు మా పాపాన్ని మాఫీ చేశాడేమో అనిపించింది. చివరి జారుడు జార్చి, తీగ మీదినుంచి చెయ్యి తీసేశాను.

పాట అయిపోయింది. ఆయన తల ఊగుతూనే ఉంది.

కళ్ళు మూసుకుని, అంచు కరిచిపట్టుకుని, అదే తాళానికి తల ఊపుతూ బూటు తాటిస్తూనే ఉన్నాడు. మీట్లు ఆగిపోయాయని ఆయన పళ్ళకు తెలియలేదు. మొదటినుంచీ ఏదీ తెలియలేదు. నేనిన్ని తిప్పలు పడి వచ్చానని, నా మొహం చూసి, నాకోసం తల ఊపుతున్నాడు. షెడ్డు మనుషులకు అది అర్థం కాలేదు. పాటలో లీనమైపోయాడనుకున్నారు. అన్న ఫోటో మనిషిని మోచేత్తో పొడిచి, ఇప్పుడు తియ్యి, ఇప్పుడు తియ్యి అంటున్నాడు.

ఆయన భుజం తట్టి ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. గాజుగొట్టం మళ్ళీ తీగకు ఆనించి పాట మొదటినుంచి ఎత్తుకున్నాను. ఆయనకు తీరినప్పుడు ఆయనే ఆపాలి. అలాగే ఆపాడు. పాట సగంలో, ఎవరూ ఆపని చోట, నోరు తీసి పెదవి తుడుచుకున్నాడు. నేను టక్కున చెయ్యి ఎత్తేశాను.

“శానా బాగుండాది,” అన్నాడు. “ఆమె ఉన్నప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది.”

అందులో బూతు లేదు. అంతకాలంలో ఆయన ఏ వస్తువునూ బాగుందని అనగా నేను వినలేదు.

బండి వచ్చింది. అన్న దండ వేశాడు, ఫోటో తీశారు. దొరను ఎత్తి రైలుపెట్టెలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి ఆయన ఎవరివైపూ చూడలేదు, ముందు ఇంజన్ ఉన్న వైపు చూస్తూ పోయాడు. బండి కదిలి దూరమయ్యేదాకా అన్న చెయ్యి ఊపుతూ నిలబడి, అది కనుమరుగు కాగానే నావైపు తిరిగాడు.

“కొళాయి ఈడనే ఉండాది. ఆ ఎంగిలి కడుగు ముందు,” అన్నాడు. “జేజి చూసిందంటే మళ్ళీ సాయిబును పిలిపిస్తాది.”

అంచు మీద ఆయన చొంగ ఇంకా తడిగా ఉంది. నేను గిటారు ఎత్తి, సరిగ్గా అక్కడే, ముందుపళ్ళతో కరిచాను. తగరం చేదు, చుట్ట కంపు. లావు తీగ మీటాను, సన్న తీగ మీటాను. ఏది మీటినా ఒకటే గరగర, అదీ నా పడుచుపళ్ళకు, రేకుడబ్బాలో ఇరుక్కున్న ఈగ చేసేంత. ఆ గరగరను కరిచిపట్టుకుని ఆయన పాట మొత్తం కూర్చున్నాడు, ఆ పైన కూడా కూర్చున్నాడు.

అన్న తూ అని పక్కకు ఉమ్మి, ఫోటో మనిషిని తీసుకుని ముందుకు నడిచాడు. గిటారు చంకన పెట్టుకుని నేను కొళాయి దాటి పోయాను. బేతంచెర్ల చేరేదాకా నోరు పుక్కిలించలేదు.